కౌంట్ దిగిందని మాత్ర మానేయకండి

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కు మాత్రలు వాడుతున్నవారికీ, వారి ఇంటివారికీ ఈ విజ్ఞప్తి.

మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామందికి తెల్లకణాల కౌంట్ దిగుతుంది. కడుపులో బరువు తగ్గుతుంది, తిండి సయిస్తుంది, మనిషి మళ్లీ పనిలో పడతాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "అంతా నార్మలే కదా, ఇంకా ఈ మందులెందుకు?" ఆ మాట విని మాత్ర ఆపేయకండి. ఎందుకు ఆపకూడదో ఈ జబ్బు కణాల మీద జరిగిన పరిశోధనలే చెబుతున్నాయి.

ఈ జబ్బులో మూలుగలోని ఒక కణంలో 9వ, 22వ క్రోమోజోములు తెగి, వాటి ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. అలా పొట్టిగా మారిన 22వ క్రోమోజోమ్‌ను 1960లో ఫిలడెల్ఫియాలో శాస్త్రవేత్తలు నోవెల్, హంగర్‌ఫర్డ్ గుర్తించారు. ముక్కలు చోట్లు మారడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. అతుకుపడ్డ చోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారవుతుంది. దాని నుంచి వచ్చే ప్రోటీన్ స్టార్టర్ ఇరుక్కుపోయిన మోటారులా ఆగకుండా నడుస్తూ, కణాన్ని చీలమని తరుముతూనే ఉంటుంది. కాలం తీరిన కణం తనంతట తాను చనిపోవాలి; ఆ చావునూ అడ్డుకుంటుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపం కాదు, పిల్లలకు సంక్రమించేదీ కాదు.

మరి ఆ ఒక్క జన్యువు నోరు నొక్కేస్తే? జన్యువు నుంచి ప్రోటీన్ నేరుగా రాదు. ముందు ఆర్‌ఎన్‌ఏ రూపంలో దాని ప్రతి తయారవుతుంది. అతుకు దగ్గరి వరసకు సరిపోయే పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కణంలోకి పంపితే ఆ ప్రతి తెగిపోతుంది. ఈ పద్ధతికి దారి చూపిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. జబ్బు ముదిరిన 53 ఏళ్ల స్త్రీ నుంచి ఎప్పుడో తీసి, ఇప్పటికీ ల్యాబుల్లో పెంచుతున్న కె562 కణాల మీద 2002 నాటికే దీన్ని ప్రయోగించారు. ప్రోటీన్ పడిపోయింది, కణాల పెరుగుదల మందగించింది, చాలా కణాలు తమంతట తామే చచ్చిపోయాయి. అంటే ఈ క్యాన్సర్ కణాల్లో చాలావాటి బతుకు ఆ ఒక్క ప్రోటీన్ మీద ఆధారపడి ఉందన్నమాట.

మీలో చాలామంది వేసుకునే ఇమాటినిబ్ మాత్ర కొట్టేది కూడా ఆ ప్రోటీన్‌నే, కాకపోతే మరో దారిలో. అది జన్యువును చెరపదు, ప్రతినీ తెంపదు. తయారైన ప్రోటీన్‌లో దూరి దాని పని ఆపుతుంది. ఒంట్లో మందు తగ్గితే ప్రోటీన్ మళ్లీ పనిలోకి దిగుతుంది. పైగా, మూలుగలో దాగిన జబ్బు మూలకణాలు మాత్రం ఈ ప్రోటీన్ పని ఆగినా బతకగలవని ఇమాటినిబ్‌ను రోగుల దాకా తెచ్చిన బ్రయన్ డ్రూకర్ బృందమే 2011లో చూపించింది. కౌంట్ నార్మల్ అయినంత మాత్రాన అవి పోయినట్టు కాదు.

2010లో వెలువడ్డ లండన్ పరిశోధనలో 87 మంది రోగులను గమనించారు. చెప్పిన మోతాదులో 90 శాతానికి మించి వేసుకున్నవారిలో జబ్బు జన్యువు బాగా అణిగే అవకాశం ఆరేళ్లకు 94.5 శాతంగా తేలింది. అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో 28.4 శాతమే. నెలకు మూడు మాత్రలు తప్పితే ఆ హద్దుకు వచ్చేసినట్టే.

మాత్ర అసలే ఆపకూడదా అంటే, కొందరికి ఆపవచ్చు. అదే ఏడాది వెలువడ్డ ఫ్రాన్సు పరిశోధనలో, కనీసం రెండేళ్లు, జబ్బు జన్యువు జాడను వెతికే పీసీఆర్ పరీక్షకు కూడా జబ్బు అందనివారికే మందు ఆపి చూశారు. వారిలోనూ సగం మందికి పైగా జబ్బు తిరిగొచ్చింది, ఎక్కువమందికి ఆరు నెలల్లోపే. పరీక్షలు వదలకుండా చేశారు కాబట్టి వెంటనే పట్టుకుని మళ్లీ మందు మొదలుపెట్టారు. మందు ఆపే నిర్ణయం డాక్టరుది, ఇంటి అరుగు మీద తేల్చేది కాదు.

అందుకే ఈ మనవులు. ఇమాటినిబ్ మాత్ర రోజూ అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి. మరిచిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి. కళ్ల కింద ఉబ్బు, పిక్కలు పట్టేయడం, వికారం వంటివి ఉంటే దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి. వాటికి ఉపాయాలున్నాయి, వేరే మందులూ ఉన్నాయి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. కౌంట్ పరీక్షతో సరిపెట్టుకోక, చెప్పిన గడువుకు బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ చేయించుకోండి.

డబ్బు అడ్డమైతే మందు ఆపకముందే ఆస్పత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం సాయం చూసే ఆరోగ్యమిత్రను కలవండి. 2003 నుంచీ మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఇమాటినిబ్‌ను తక్కువ ధరకు చేస్తోంది. ఈ మందు అసలు తయారీదారు నోవార్టిస్ కోరిన పేటెంట్‌ను సుప్రీంకోర్టు 2013లో తిరస్కరించింది. చవక రకం ఏది వాడవచ్చో డాక్టరునే అడగండి. మందుల షాపువారూ, స్టాకు అయిపోకముందే ఒక మాట చెప్పండి. విదేశాల్లో ఉన్న బంధువులారా, జన్యువునే మాయం చేసే చికిత్స అంటూ వచ్చే వీడియోలు పంపే బదులు ఒక పీసీఆర్ పరీక్షకు డబ్బు పంపండి.

ఈ వారమే మీ డబ్బాలోని మాత్రలు లెక్కపెట్టుకోండి. పది రోజులకన్నా తక్కువ ఉంటే ఇవాళే తెచ్చుకోండి.