ఫైళ్లను సర్దుట: బొమ్మలతోనా, మాటలతోనా?

నేటి గృహిణికి ఇనుప బీరువాతోపాటు మఱియొక బీరువా యేర్పడినది. పిల్లల చిన్ననాటి ఫొటోలు, పెద్దల కంఠస్వరములు, ఇంటిపన్ను రసీదులు, పొలము కాగితముల నకళ్లు కంప్యూటరులో ఫైళ్లుగా నిలిచియున్నవి. వీనిని సర్దుకొనుటకు రెండు త్రోవలు కలవు. తెరపై ఫోల్డరుల బొమ్మలను జూచి మౌసుతో లాగి వేయుట యొకటి. నల్లని కిటికీలో ఆజ్ఞను అక్షరములతో టైపు చేయుట రెండవది. ఈ రెండవది ఇంజనీర్ల విద్య యని సోదరీమణులు పలువురు వెనుదీయుచున్నారు. వంటకు గొలత తెలిసిన చేతికి అది కష్టమని మేము తలంపము.

పుట్టుకలో ఆజ్ఞల పద్ధతియే పెద్దది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సను, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్సునందలి పొట్టిమాటలు నేటికిని లినక్సులోను, మాక్‌లోను చెల్లుచున్నవి. నకలు తీయుటకు 'సీపీ', చోటు మార్చుటకు 'ఎంవీ', తొలగించుటకు 'ఆర్ఎం'. బొమ్మల పద్ధతి 1984లో మాకింతోషు యంత్రముతో జనసామాన్యమునకు బరిచయమైనది. చెత్తబుట్ట బొమ్మయు దానిలో నుండెను.

పెండ్లి ఫొటోలు రెండువేలున్న వనుకొందము. అందు కన్నులు మూసికొన్నవి యేవో, ముఖము చక్కగా వచ్చిన వేవో యేఱుటకు బొమ్మలే శరణ్యము. ఆ పనిని ఈ పొట్టి యాజ్ఞలు జేయజాలవు. కాని యేఱిన పిమ్మట వేయి ఫొటోలను వేఱొక ఫోల్డరునకు జేర్చుటకు మౌసుతో నేల శ్రమపడవలె? 'ఎంవీ' యని వ్రాసి, ఎడమిచ్చి, నక్షత్రపు గుర్తు, చుక్క, 'జేపీజీ' కలిపి వ్రాసి, మరల ఎడమిచ్చి ఫోల్డరు పేరు వ్రాసిన జాలును.

ఇక భయపడవలసిన చోటు చెప్పెదము. 'ఆర్ఎం' ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు, పోయినది పోయినదే. విండోసులోని 'డెల్' ఆజ్ఞయు నట్టిదే. నక్షత్రమునకును చుక్కకును నడుమ పొరపాటున ఒక్క యెడము పడెనేని, ఆ యాజ్ఞ జేపీజీలను మాత్రమే గాక ఆ ఫోల్డరులో గనబడు ఫైళ్లన్నిటిని దుడిచివేయును. కావున ముందుగా 'ఆర్ఎం'కు బదులు 'ఎకో' యని వ్రాసి చూడుడు. ఏయే ఫైళ్లకు ఆజ్ఞ తగులునో వాని పేర్లు తెరపై వచ్చును. గీతతో 'ఐ' చేర్చినచో ప్రతి ఫైలునకును అనుమతి యడుగును. 'ఎంవీ'లోను మెలిక యొకటి కలదు. అక్కచెల్లెండ్ర రెండు ఫోనులలోను ఒకే పేరుగల ఫొటో లుండవచ్చును; రెండవది వచ్చి మొదటిదానిని చప్పుడు లేక మ్రింగివేయును. గీతతో 'ఎన్' చేర్చిన ఆ యాపద తప్పును.

బొమ్మల త్రోవవారును నిర్భయముగా నుండరాదు. విండోసులో పెన్‌డ్రైవునుండి తొలగించినది చెత్తబుట్టకు బోదు. ఏ పద్ధతియైనను, చేయి పెట్టుటకు ముందే వేఱొక డిస్కులో నకలుంచుడు.

ఫైళ్లకు దెలుగు పేర్లు పెట్టవచ్చునా? పెట్టవచ్చును, కాని నల్ల కిటికీలో మన గుణింతములు ఒక్కొక్కచో చెదరి కనబడును. ఆజ్ఞలు వాడువారు పేరునకు ముందు అంకెలతో తేదీ వ్రాయుట మేలు. సంవత్సరము, నెల, దినము అను క్రమమున 2024-05-12 అని వ్రాసిన, రెండు పద్ధతులలోను ఫొటోలు కాలక్రమమున వాటంతటవే వరుసగా నిలుచును.