ముందు ఆ పలక సంగతి తేల్చండి

బ్రిస్టల్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని తాళ్లేసి లాగి పడేసిన ముచ్చట ఎప్పుడొచ్చినా పెద్దమనుషులు ఒకే పాట అందుకుంటారు. బానిసల వ్యాపారి అయితే అయ్యాడు, దేనికైనా ఒక పద్ధతుంది, అర్జీ పెట్టుకోవాలి గానీ చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటారా? పోలీసులు చేతులు కట్టుకుని చూడటం ఇంకా అన్యాయం కదా? అప్పటి బ్రిటన్ హోంమంత్రి ప్రీతి పటేల్ కూడా ఇది సిగ్గుచేటన్నారు. మాట వినసొంపుగానే ఉంది. ఆ ఊళ్లో పద్ధతి ఎలా నడిచిందో తెలియకపోతే మరీ వినసొంపుగా ఉంటుంది.

కోల్‌స్టన్ 1680 నుంచి 1692 దాకా రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఉన్నాడు. కొంతకాలం దాని డిప్యూటీ గవర్నర్ కూడా. ఆ పన్నెండేళ్లలో కంపెనీ ఓడలెక్కించిన ఆఫ్రికన్లు సుమారు 84,000 మంది. వాళ్లలో 12,000 మంది పిల్లలు. దాదాపు 19,000 మంది నడిసముద్రంలోనే పోయారు. పశువులకు వేసినట్టు ఆ మనుషుల రొమ్ముల మీద కంపెనీ అక్షరాలు కాల్చి ముద్ర వేసేవారు. అలా వచ్చిన సొమ్ములో కొంత సొంతూరి బడులకు, వృద్ధుల వసతిగృహాలకు ఇచ్చి దాత అనిపించుకున్నాడు. 1721లో చచ్చిపోయాడు. విగ్రహం లేచింది 1895లో, అంటే 174 ఏళ్ల తర్వాత. అప్పటికి బ్రిటన్‌లో బానిసత్వం రద్దయి అరవై ఏళ్లు దాటింది. ఆయన చేసిన వ్యాపారం నేరమని తెలిసిన కాలంలోనే, నగరం కన్న పుణ్యాత్ముల్లో, వివేకవంతుల్లో ఒకడని పీఠం మీద చెక్కించారు. ఊరంతా ముచ్చటపడి పెట్టుకున్నదీ కాదు. చందాలు చాలక నిర్వాహకులు తంటాలు పడ్డారు.

ఇక అర్జీల సంగతి. ఈ విగ్రహం మీద నిరసన కొత్తది కాదు. 1998లోనే ఎవరో దాని మీద రంగుతో రాతలు రాశారు. తీసేయమంటూ సంతకాలు సేకరించారు. పోనీ, తీయకపోతే తీయకపోయారు, కనీసం నిజం చెప్పే పలకైనా పక్కన పెట్టమన్నారు. 2018లో నగర కౌన్సిల్ సరేనంది. చరిత్రకారులు రాసిచ్చిన తొలి ప్రతిలో 84,000 మంది బానిసలు, 12,000 మంది పిల్లలు, ఆయన దానధర్మాలు తన మతానికీ రాజకీయాలకూ సరిపడని వాళ్లకు అందకపోవడం, అన్నీ ఉన్నాయి. అక్కడ మొదలైంది బేరం. ఈ మాట ఘాటుగా ఉందని ఒకరు, ఆ వాక్యం అక్కర్లేదని ఇంకొకరు. కోల్‌స్టన్ కూడా సభ్యుడైన వర్తక సంఘం, సొసైటీ ఆఫ్ మర్చంట్ వెంచరర్స్, ఇప్పటికీ ఉంది. దాని తరఫునా చేతులు పడ్డాయి. దిద్దగా దిద్దగా పలక మెత్తబడింది. చివరికి 2019 మార్చిలో, జమైకా మూలాలున్న మేయర్ మార్విన్ రీస్, ఈ రాత మాకొద్దని ఆపేశారు. అక్కడితో సరి. నాలుగు నిజాలు రాసిన పలక ఒకటి తగిలించలేని పద్ధతి, విగ్రహాన్ని దింపుతుందని ఎదురుచూడమంటే అది సలహా కాదు, వెటకారం.

పోలీసుల మాటకొద్దాం. 2020 జూన్ 7న ఆ ఊరేగింపులో సుమారు 10,000 మంది ఉన్నారు. అమెరికాలో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు నొక్కి చంపి అప్పటికి రెండు వారాలు కాలేదు. పోలీసుల జులుం మీద కదిలిన జనంలోకి పోలీసులే లాఠీలతో దూరి, కంచు బొమ్మకు కాపలా కాయాలా? పైగా బ్రిస్టల్‌కు ఒక చేదు జ్ఞాపకముంది. 1980 ఏప్రిల్‌లో సెయింట్ పాల్స్ పేటలో నల్లవాళ్లు ఎక్కువగా కూడే ఒక కేఫ్ మీద పోలీసులు దాడి చేస్తే పేటంతా భగ్గుమంది. అది తెలిసిన అధికారి ఎవరైనా ఆ రోజు చేయగల మంచిపని ఆగడమే. సూపరింటెండెంట్ ఆండీ బెన్నెట్ ఆ పనే చేశారు. విగ్రహం పాడైనందుకు నొచ్చుకున్నానని, జనం కోపం మాత్రం తనకు అర్థమైందని చెప్పారు. బొమ్మ హార్బర్ నీళ్లలో పడింది. ఎవరి తలా పగల్లేదు.

పోలీసులు వదిలేశారన్నది కూడా శుద్ధ అబద్ధం. వాళ్లు తర్వాత తీరిగ్గా దర్యాప్తు చేశారు. నలుగురు కోర్టు మెట్లెక్కారు. 2022 జనవరిలో బ్రిస్టల్ జ్యూరీ సాక్ష్యాలు విని వాళ్లను నిర్దోషులంది. ఇలాంటి కేసుల్లో మానవ హక్కుల వాదనకు అప్పీల్ కోర్టు ఆ తర్వాత హద్దు గీసింది గానీ, తీర్పు మారలేదు. చట్టం చట్టం అని గుండెలు బాదుకున్నవాళ్లకు చట్టమే ఇచ్చిన తీర్పు ఎందుకో మింగుడుపడలేదు. స్మారకాల విషయంలో, పాడైన వస్తువు విలువ 5,000 పౌండ్లలోపైనా 10 ఏళ్ల వరకు శిక్ష వేసేలా అదే ఏడాది చట్టం మార్చారు.

మరి హైదరాబాద్ ట్యాంక్‌బండ్ సంగతేమిటంటారా? అడగాల్సిందే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో పడిన విగ్రహాల్లో అన్నమయ్య, శ్రీశ్రీ ఉన్నారు. ఆ తెలంగాణ ఉద్యమం వెనకున్న కడుపుమంట నిజం. కానీ అన్నమయ్య ఎవరినీ అమ్మలేదు, శ్రీశ్రీ ఎవరి ఒంటి మీదా ముద్ర కాల్చలేదు. విగ్రహం పడగొడితే చాలు ఒప్పేనని నేననడం లేదు. అది ఎవరిది, ఎన్ని తలుపులు తట్టాక పడింది అని చూడమంటున్నాను. 1857లో ఊచకోతలు సాగించిన కర్నల్ నీల్ విగ్రహాన్ని మద్రాసు మౌంట్ రోడ్డులో 1927లో సుత్తులతో కొట్టి జైలుకెళ్లిన వాళ్లను మనమెవరమూ రౌడీలనం. దాన్ని అక్కణ్నుంచి తీయడానికి 1937లో రాజాజీ మంత్రివర్గం రావలసి వచ్చింది.

చరిత్ర చెరిగిపోయిందన్న ఏడుపొకటి. నీళ్లలోంచి తీసి కడుగుతుంటే ఆ కంచు కోటు మడతలో 1895 నాటి పత్రిక ఒకటి దొరికింది. దాని మీద విగ్రహాన్ని బిగించిన పనివాళ్ల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. నిలబడ్డ 125 ఏళ్లలో ఎవరికీ తెలియని సంగతి పడ్డాకే బయటికొచ్చింది. రంగు మరకలతో సహా ఆ బొమ్మను మ్యూజియంలో వెల్లకిలా పడుకోబెట్టి జనానికి చూపించారు.

ఇంకొక్కటి. లండన్ రేవులో బానిసల యజమాని రాబర్ట్ మిల్లిగన్ విగ్రహాన్ని పెద్దలే దగ్గరుండి దింపించారు. తేదీ 2020 జూన్ 9. బ్రిస్టల్‌లో తాళ్లు బిగిసిన రెండు రోజులకే. కాబట్టి ఈసారి ఎవరైనా పోలీసులు ఏం చేస్తున్నారని నిలదీస్తే, అంతకుముందు అన్నేళ్లూ కౌన్సిల్ ఏం చేసిందో కూడా వాళ్లనే అడగండి.