రీడింగ్ తీశామా, వేశామా?

మన ల్యాబ్‌లో ఇప్పటిదాకా ఏ ప్రయోగమూ ఫెయిలవ్వలేదు. మూడేళ్ళుగా చూస్తున్నాను. ఓమ్స్ లా ప్రతిసారీ గీత గీసినట్టు నిజమవుతుంది. మోటార్ తిరగకపోయినా గ్రాఫ్ మాత్రం వస్తుంది. మీటర్ పనిచేయని బెంచి దగ్గర కూర్చున్న బ్యాచ్‌కి కూడా రెండో దశాంశం దాకా రీడింగులు ఉంటాయి. ఎలాగో మనందరికీ తెలుసు. సీనియర్ల రికార్డు ఉంటుంది, పక్క బ్యాచ్ అబ్జర్వేషన్ ఉంటుంది, "టైమవుతోంది, వేసేయ్" అనే ఫ్రెండ్ ఉంటుంది. వేసేస్తాం. సంతకం పడిపోతుంది.

నేనూ వేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. కాబట్టి ఇది ఎవరికో నీతులు చెప్పడానికి రాస్తున్న వ్యాసం కాదు. ఆ అలవాటు మొన్న ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఎవరికి తగిలిందో చెప్పడానికి రాస్తున్నాను.

మా నాన్న దగ్గర ఒక పాత పెట్రోలు కారుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, వయసు ఇరవై దాటింది. వారానికి రెండుసార్లు మా నాయనమ్మని డయాలసిస్‌కి ఒంగోలు తీసుకెళ్ళేది ఆ బండే. సంక్రాంతి దాటాక దానికో రోగం పట్టుకుంది. తాళం తిప్పితే 'టిక్' అని ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ తిరగదు. ఇంకో నాలుగైదు సార్లు తిప్పితే ఒక్కోసారి అందుకునేది. ఒక్కోసారి రోడ్డు మీద పోయేవాళ్ళని బతిమాలి తోయించాల్సి వచ్చేది. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి తీసుకెళితే, ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే స్టార్టయ్యేది. "బానే ఉంది కదా సార్" అనేవాడు మెకానిక్.

ఖర్చు మొదలైంది ఆ 'బానే ఉంది కదా' దగ్గరే. ముందు బ్యాటరీ మార్చారు, 4,300. రెండు వారాలు బాగుంది, మళ్ళీ టిక్. సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్లు, బుష్‌లు వేశారు, 2,500. పది రోజులు బాగుంది, మళ్ళీ టిక్. ఇగ్నీషన్ స్విచ్ మార్చారు, 1,200. ఈసారి వారం కూడా ఆగలేదు. మొత్తం 8,000 రూపాయలు. నేను సెలవులకి ఇంటికెళ్ళేసరికి నాన్న ఒక కొత్త పద్ధతికి అలవాటుపడ్డారు. ఒంగోలు నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎక్కడా బండి ఆపరు. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో అని భయం.

డయాలసిస్ అయ్యాక నాయనమ్మకి కడుపులో తిప్పుతుంది. కాళ్ళు పట్టేస్తాయి. కాసేపు ఆపమని అడగడం ఆవిడ మానేసింది. ఒక ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఇంటిదాకా వచ్చేది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వెనక సీట్లో కవరు చూసి నేనే అడిగాను.

నేను చదువుతున్నది ఈఈఈ. "నువ్వు చూడకూడదా అమ్మలూ, కరెంటే కదా" అన్నారు నాన్న. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

ఇక్కడ నా మొదటి అభిప్రాయం చెప్తాను. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే లోపాన్ని పట్టుకోవడానికి మొదటి పనిముట్టు మల్టీమీటర్ కాదు, నోట్‌బుక్కు. లోపం ఉన్నప్పుడు చూడలేకపోతే ఎంత మంచి మీటరయినా 'బానే ఉంది' అనే చెప్తుంది. నాన్నని కూర్చోబెట్టి, గుర్తున్నవన్నీ రాసుకున్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు నడిచాక, ఆపి ఎంతసేపయ్యాక. రాసేసరికి ఒక విషయం బయటపడింది. ఆస్పత్రి దగ్గర నాలుగు గంటలు ఆపితే ఎప్పుడూ మొరాయించలేదు. మందుల షాపు దగ్గర పది నిమిషాలు ఆపినప్పుడే ఎక్కువసార్లు మొరాయించింది. అంటే ఈ జబ్బు వేడి మీద వస్తోంది, చల్లారితే పోతోంది. షెడ్డుకి తీసుకెళ్ళేది ఎప్పుడూ పొద్దున్నే. ఇంక మెకానిక్‌కి ఎలా కనిపిస్తుంది?

ఇంకో మాట కూడా నాన్నే అన్నారు. "టిక్ అన్నప్పుడు కూడా హెడ్‌లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి." బ్యాటరీ కొనకముందే ఈ మాట షెడ్డులో చెప్పారట. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన మాట అది. బ్యాటరీ నీరసపడితే, సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ పడిపోయి లైట్లు ఆరిపోయినంత పనవుతుంది. చాలాసార్లు 'టకటకటక' అని వరుసగా చప్పుడొస్తుంది. సాలినాయిడ్ లాగడం, వోల్టేజీ పడిపోవడంతో వదిలేయడం, మళ్ళీ లాగడం. మాకు వస్తున్నది ఒక్క టిక్, లైట్లు నిబ్బరంగా ఉన్నాయి. అంటే తాళం వైపు నుంచి వచ్చే చిన్న కరెంటు సాలినాయిడ్ దాకా చేరుతోంది, అది లాగుతోంది కూడా. మోటార్ తిరగడానికి కావాల్సిన పెద్ద కరెంటుకి మాత్రం దారిలో ఎక్కడో అడ్డుంది.

ఆ పెద్ద కరెంటు దారి చాలా చిన్నది. బ్యాటరీ ప్లస్ నుంచి లావుపాటి కేబుల్, సాలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, మోటార్, ఇంజన్ బాడీ, అక్కడి నుంచి ఎర్త్ పట్టీ, కారు బాడీ, మళ్ళీ బ్యాటరీ మైనస్. అందరూ ప్లస్ వైపే చూస్తారు. వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాలి కదా, ఆ తిరుగు దారిని ఎవరూ చూడరు.

మొదట నేనూ మనందరిలాగే మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ పట్టీ చూశాను. 0.3 చూపించింది. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపించింది. అంటే అది పట్టీ రెసిస్టెన్స్ కాదు, మీటర్ వైర్లది. మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో పంపేది మహా అయితే ఒక మిల్లీఆంపియర్. పట్టీలో ఒక్క పోగు మిగిలినా ఆ కరెంటు హాయిగా పోతుంది. చిన్న కారు సెల్ఫ్ మోటార్ మాత్రం 100 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అడుగుతుంది. 0.05 ఓం అనేది మన మీటర్‌కి కనిపించనే కనిపించదు. అదే 0.05 ఓంలో 100 ఆంపియర్లు పారితే 5 వోల్టులు అక్కడే పోతాయి. 500 వాట్లు, అంటే 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెలో సగం వేడి, ఒక బోల్టు కింద.

అందుకని పాత బండికి చేయాల్సింది ఓమ్స్ టెస్టు కాదు, వోల్టేజ్ డ్రాప్ టెస్టు. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, బ్యాటరీ మైనస్ పోస్టు మీద ఒక ప్రోబు, ఇంజన్ లోహం మీద ఇంకో ప్రోబు ఆనించి, వేరేవాళ్ళు సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. సుమారు 0.5 వోల్టు లోపుంటే ఫరవాలేదు. ప్లస్ వైపు కూడా అంతే. చేసే ముందు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి, ఫ్యాన్ దగ్గర చున్నీ వేలాడకూడదు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ మధ్య గాజు పడిందంటే చెయ్యి కాలుతుంది.

ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చి, పది నిమిషాలు ఆపి, నాన్నని తాళం తిప్పమన్నాను. టిక్. జీవితంలో ఆ చప్పుడు విని సంతోషించింది అదొక్కసారే. బ్యాటరీ పోస్టుల దగ్గర 11.6. మళ్ళీ టిక్, ప్లస్ కేబుల్ మీద 0.2. మళ్ళీ టిక్, మోటార్ బోల్టుకీ దాని బాడీకీ మధ్య 5.6. ఆఖర్న ఎర్త్ వైపు చూశాను. అంకెలు ఊగుతున్నాయి. మీటర్ చూపించింది 5.8.

నేను రాసింది 0.58.

కావాలని కాదు. ఎర్త్ వైపు సున్నా పాయింట్ ఎంతో ఉండాలని నాకు ముందే తెలుసు. 5.8 ఎలా వస్తుంది, పాయింట్ నేనే సరిగ్గా చూసుండను అనుకున్నాను. చెయ్యి దానంతటదే 'ఉండాల్సిన' అంకె వేసింది. మూడేళ్ళ ప్రాక్టీసు మరి. పక్కన "ఎర్త్ కాస్త ఎక్కువ, ఓకే" అని కూడా రాశాను. మోటారే మళ్ళీ పోయిందని నాన్నకి చెప్పాను.

రెండు రోజుల తర్వాత డయాలసిస్ నుంచి తిరిగొస్తూ, మందుల కోసం ఆపక తప్పలేదు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. టిక్. తోసేవాళ్ళు దొరికేసరికి 40 నిమిషాలు పట్టింది. నాయనమ్మ వెనక సీట్లో తలుపు తీసుకుని, చీర కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

ఆ రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది, కిర్కాఫ్. మనం ఫస్టియర్‌లో బట్టీపట్టిన వోల్టేజ్ లా, 1845 నాటిది. దారి మొత్తం చుట్టి వస్తే పోయిన వోల్టులన్నీ కలిపి బ్యాటరీ ఇచ్చినంత అవ్వాలి. 5.6, 0.2, 0.58 కలిపాను. 6.38 వచ్చింది. బ్యాటరీ ఇచ్చింది 11.6. ఐదు వోల్టులు పైన ఏమయ్యాయి? ఒకే తిప్పులో తీసినవి కాదు కాబట్టి కొంచెం అటూ ఇటూ అవ్వొచ్చు, ఐదు వోల్టుల తేడా మాత్రం రాదు. 0.58 తీసేసి 5.8 పెట్టి చూశాను. 11.6. లెక్క కుదిరింది. సరిగ్గా మూడు రీడింగులు తీసి ఒకటి వేసుకున్నాను. ఆ ఒక్కటే అసలు జబ్బు.

మర్నాడు బండిని మళ్ళీ వేడెక్కించి, జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి, బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్‌కి కలిపాను. తిప్పగానే స్టార్టయింది. కేబుల్ తీస్తే టిక్. పెడితే స్టార్ట్. మూడుసార్లు అలాగే. అప్పటికిగానీ నన్ను నేను నమ్మలేదు. ఎర్త్ పట్టీ విప్పితే లగ్గు కింద పచ్చగా చిలుము, బాడీ వైపు బోల్టు కింద తుప్పు. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో కరుచుకుని ఉండే అతుకు, వేడికి పట్టు వదిలేస్తోంది. దానికి తోడు ఇంజన్ వేడికి మోటార్, సాలినాయిడ్ చుట్లలోని రాగి రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి పోతే ఐదోవంతు పైనే. కొత్త పట్టీ 180 రూపాయలు, ఎమరీ పేపర్ పది. ఇప్పుడు వేడి మీద కూడా ఎర్త్ డ్రాప్ 0.15.

ఇది చెప్తే "మెకానిక్ మోసం చేశాడన్నమాట" అన్నారు మా హాస్టల్లో. నేనలా అనుకోవట్లేదు. పాత బ్యాటరీ నిజంగానే ముసలిదయింది. కార్బన్లు నిజంగానే అరిగాయి. ఆయనకి విషయం చెప్పడానికి వెళితే అంతా విని ఒకే మాటన్నాడు: "కొలిచి చెప్తే ఎవరిస్తారమ్మా డబ్బులు? చేతిలో కొత్త సామాను కనిపిస్తేనే ఇస్తారు." బండి వేడెక్కేదాకా తిప్పి, లోపం వచ్చేదాకా కాపు కాసి, పది చోట్ల కొలవడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటకి మనం ఇచ్చేది సున్నా. బ్యాటరీకి 4,300 మాత్రం మారుమాట్లాడకుండా ఇస్తాం. ఆలోచనకి విలువ కట్టనిది మనం, సామాను మార్చాడని తిట్టేది ఆయన్ని.

మన ల్యాబుదీ ఇదే బేరం. అక్కడ మార్కులు ఫలితానికి, వెతుకులాటకి కాదు. రీడింగ్ రాలేదని నిజం చెప్పిన బ్యాచ్‌కి రిపీట్ పడుతుంది. వేసుకున్న బ్యాచ్‌కి సంతకం పడుతుంది. ఇంక నిజం ఎవరు రాస్తారు? అరవైమందికి పది బెంచీలు, మూడు గంటలు, సిలబస్ ఉంది, ఎక్స్‌టర్నల్స్ ఉన్నాయి. తెలుసు, ఒప్పుకుంటాను. అన్నీ మార్చమనడం లేదు. సెమిస్టర్‌కి ఒక్క ప్రయోగం చాలు. కావాలనే ఒక వదులు అతుకు పెట్టిన సర్క్యూట్ ఇవ్వండి. ఒకసారి పనిచేసి ఒకసారి చేయకూడదు. జవాబు ఎవరికీ ముందే తెలియకూడదు. ఎక్కడెక్కడ వెతికారు, ఏ అనుమానం ఎందుకు కొట్టేశారు అన్నదానికి మార్కులు వేయండి. 'దొరకలేదు' అని రాసినా, వెతికిన తీరు బాగుంటే ఫుల్ మార్కులు వేయండి. హెచ్‌ఓడీ సార్‌కి ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు. నాతోపాటు సంతకం పెట్టేవాళ్ళుంటే రండి, వారంలో మళ్ళీ ఇద్దాం.

"కొత్త బళ్ళకి స్కానర్ పెడితే అన్నీ అదే చెప్తుంది కదా" అంటారు కొందరు. స్కానర్ చెప్పేది కంప్యూటర్‌కి తెలిసినంతవరకే. ఇంజన్ ఎర్త్ పట్టీ డ్రాప్ కొలవడానికి ప్రత్యేకంగా ఒక సెన్సర్ పెట్టరు. పైగా వోల్టేజీ పడిపోతే సంబంధంలేని కోడ్‌లు కూడా రావచ్చు. అక్కడా మళ్ళీ కొలిచి, కలిపి, సరిచూసుకునే మనిషి కావాల్సిందే.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు హాస్టల్లో నా దగ్గరే ఉంది. 0.58ని కొట్టేసి పక్కన 5.8 రాశాను, పేజీ మాత్రం చింపలేదు. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే నాయనమ్మ చెప్పింది, వచ్చేటప్పుడు టంగుటూరు దాటాక చెట్టు కింద కాసేపు బండి ఆపించుకుందట. తనే అడిగిందట.