గాలివాన రాత్రి తోడి చేయి



పెద్దాపురమున మాకు పరిచయమైన యొక యిల్లాలు కలదు. ఆమె పుట్టినిల్లు సముద్రతీరమునందలి పల్లె. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన జాలరు లనేకులు తిరిగి రాలేదు. వారిలో నామె తండ్రి యొకడు. అప్పటి కామెకు ఎనిమిదేండ్లు. నేటికిని దీపావళి దినములలో గాలి హోరెత్తినచో, ఆమె చేతులు చల్లబడును. మూల కొదిగి కూర్చుండును. “ఇన్నేండ్లయినను భయమేమి? సముద్ర మిక్కడికి రాదు గదా!” యని యింటివారు మందలింతురు. రాదని యామెకును తెలియును. ఆమె దేహమునకే తెలియదు.

మన నరములలో మన యిచ్ఛతో పనిలేక తమంత తాము నడచు రెండు పాయలు కలవు. ఒకటి ఆపద తోచగనే గుండెను పరుగెత్తించి, కండరములను బిగించి, పోరాడుటకో పారిపోవుటకో మనలను సిద్ధపరచును. వాల్టర్ కానన్ అను అమెరికా పండితుడు 1915లో దీనిని విపులముగ వ్రాసెను. రెండవది గుండెను నెమ్మదింపజేసి, ఆకలిని, విశ్రాంతిని కలిగించును. ఘోరమైన యాపదను చూచినవారిలో కొందరికి, ఆపద తొలగినను, మొదటి పాయ కాపలా మానదు. అందుచే వారు చిన్న చప్పుడునకే యులికిపడుదురు, అయినవారిపై విసుగుకొందురు, లేదా మాట మాని మొద్దుబారి యుందురు. ఇది మొండితనము కాదు.

ఆషాఢమాసమున మరిడమ్మ జాతరలో డప్పుల మ్రోతకు జడిసిన పసిబిడ్డకు తల్లి యుపన్యాస మిచ్చునా? రొమ్మున కదుముకొని, మెల్లగ నూగుచు వీపు నిమురును. పెద్దవారి విషయమున మాత్రము మనమీ విద్యను మరచెదము.

2006లో జేమ్స్ కోన్ మొదలగు పండితులు అమెరికాలో పదునార్గురు వివాహిత స్త్రీలను పరీక్షించిరి. కొద్దిపాటి విద్యుద్ఘాతము తగులునేమో యని యెదురు చూచుచుండగ, భర్త చేయి పట్టుకొనినప్పుడు వారి మెదడులో ఆపదకు స్పందించు భాగముల కలవరము తగ్గెను. అపరిచితుని చేయి యంత మేలు చేయలేదు. దాంపత్యము సుఖముగ నున్నవారికి మేలు మరింత హెచ్చుగ నుండెను.

కావున భయపడినవారితో వాదింపకుడు. ముందు మీ యూపిరిని మీరు నెమ్మదిపరచుకొనుడు. ఊపిరి విడుచునప్పుడు గుండె కొంత నిదానించును. అందుచే పీల్చుట కన్న విడుచుట దీర్ఘముగ నుండవలెను. మీ నెమ్మదిని చూచి వారి దేహమును నెమ్మదించుట కలదు. అడుగక చేయి పట్టుకొనవలదు. కొందరికి స్పర్శయే భయము. జరిగిన కథను బలవంతముగ చెప్పింపకుడు. తామై చెప్పినప్పుడు వినుడు. ఇక భయము కలిగించువాడు ఇంటిలోనే యున్నయెడల, ఊపిరి నిదానించుకొమ్మని చెప్పుట క్రూరత్వము. అట్టి యామెకు ముందు రక్షణ కావలెను.

తోడు మాత్రమే చాలని బాధలును కలవు. నెల దాటినను పీడకలలు, నిద్రలేమి విడువనిచో మానసిక వైద్యునికి చూపవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యతో ఫోను చేసి, రుసుము లేకయే తెలుగులో మాటలాడవచ్చును.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరము దాటినప్పుడు, ఆ యిల్లాలి తోడికోడలు ఏమియు మందలింపలేదట. ప్రక్కనే చాప పరచుకొని, దీపము పెట్టుకొని, చిక్కుడుకాయలు ఒలుచుచు కూర్చున్నదట. కొంతసేపటికి ఈమెయు ఒక గుప్పెడు కాయలు తీసికొన్నదట. “భయము పోలేదు గాని, తెల్లవారుజామున కొంచెము కునుకు పట్టినది” అని మాతో చెప్పెను. ఇరువది తొమ్మిదేండ్లలో అట్టి రాత్రి కునుకు పట్టుట ఆమె కదియే మొదలు.