చెరపరాని ఓటమి

ఆడటం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం. పసితనంలో గోటీలు, చిర్రగోనె; కొంత ఎదిగాక కబడ్డీ, ఖోఖో, క్రికెట్. బడి ఆవరణలోనో, కోత కోసిన పొలంలోనో ఆడే ఈ ఆటలన్నింటికీ ఒక పోలిక ఉంది. వీటిలో ఆడేవాడి ఒళ్లు అలసిపోతుంది, మోకాళ్లు దోక్కుపోతాయి. గత నాలుగు దశాబ్దాలలో మరొక రకం ఆట లోకమంతటా వ్యాపించింది. అందులో ఆటగాడు పరుగెత్తడు, బంతిని తన్నడు. కుర్చీలో కూర్చుని, కంప్యూటరు తెరమీద ఒక ఫుట్‌బాల్ జట్టును నడుపుతాడు. కృష్ణానదికి చేరువలో, జూరాల ప్రాజెక్టు ఉన్న ధరూరు మండలంలోని ఒక విద్యార్థి కూడా ఈ ఆట ద్వారా ఇంగ్లండులోనో, స్పెయిన్‌లోనో ఉన్న జట్టుకు మేనేజరు కాగలడు. పెద్దలు దీనిని కాలహరణమని ఈసడిస్తారు. పిల్లలు ఇదే లోకమని మురిసిపోతారు. రెండు అభిప్రాయాలూ సగం సత్యాలే. ఈ ఆట మనకు ఏమి నేర్పగలదో, ఏది నేర్పలేదో నిదానంగా విచారించవలసి ఉంది.

ఈ ఆటల చరిత్ర పెద్దదేమీ కాదు. 1982లో కెవిన్ టామ్స్ అనే ఆంగ్లేయుడు ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే పేరుతో ఒక ఆటను రూపొందించాడు. 1992లో పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అనే సోదరులు తమ ఇంట్లో కూర్చుని తయారుచేసిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ విడుదలయింది. వారు స్థాపించిన సంస్థే 2004 నుండి ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే పేరుతో ఈ ఆటను కొనసాగిస్తున్నది. వివిధ దేశాలలో నిజంగా ఆడుతున్న క్రీడాకారుల వివరాలను పరిశీలకుల ద్వారా సేకరించి ఇందులో పొందుపరుస్తారు. ఒక్కొక్క ఆటగాడి వేగం, ఓర్పు, గురి, ధైర్యం వంటి గుణాలకు 1 నుండి 20 వరకు అంకెలు కేటాయిస్తారు. ఆ అంకెల వెనుక ఉన్న మనిషిని ఊహించగలగడమే ఈ ఆటలో మొదటి మెట్టు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. జట్టు నడపడం కూడా అలాంటిదే. ఎవరిని ఎంపిక చేయాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికెంత జీతమివ్వాలి, ఏ వ్యూహంతో ఆడాలి, అలిగినవాడిని ఎలా సముదాయించాలి, గాయపడినవాడికి ఎంత విశ్రాంతినివ్వాలి అనే ప్రశ్నలు ప్రతి దినమూ ఎదురవుతాయి. యాజమాన్యం గెలుపు కోరుతుంది. గెలవకపోతే మేనేజరును తొలగిస్తుంది. కొత్తగా ఆడేవాడు చేసే మొదటి పొరపాటు, పేరున్న ఆటగాళ్లందరినీ కొనితెచ్చి ఒక్కచోట చేర్చడం. రెండవ పొరపాటు, ఏదో పెద్ద జట్టు వ్యూహాన్ని తన చిన్న జట్టుకు తొడగడం. కొలత తెలియకుండా కుట్టిన చొక్కా ఎవరికీ పట్టదు. తన దగ్గర ఉన్న ఆటగాళ్ల బలమేమిటో, బలహీనత ఏమిటో తెలుసుకొని, దానికి తగిన వ్యూహాన్ని అల్లినవాడే ఈ ఆటలో నిలుస్తాడు.

ఇందులో నెగ్గడానికి కావలసిన గుణాలు మన నడిగడ్డ ప్రజలకు కొత్తవి కావు. గద్వాల చీరను చూడండి. దాని ఒడలు నూలుది. అంచు, కొంగు పట్టువి. ఆ రెండూ కలిసే చోటనే నేతగాని నేర్పు తెలుస్తుంది. జట్టులోనూ అంతే. మెరిసే ఆటగాడు అంచు వంటివాడు; గోలు వెనుక చెమటోడ్చేవాడు నూలు వంటివాడు. వారిద్దరి మధ్య కలయిక సరిగా లేకపోతే జట్టు చిరుగుతుంది. ఇక్కడి పత్తి విత్తన రైతును చూడండి. ముందునాటి సాయంత్రం మొగ్గలను సిద్ధం చేసి, మరునాటి ఉదయం పూవు పూవుకూ చేతితో పుప్పొడి అద్దుతాడు. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. పదహారేళ్ల ఆటగాణ్ణి చేరదీసి, అతడు ఎదిగేవరకు వేచి ఉండే మేనేజరుకు కావలసినది ఆ ఓర్పే. జూరాల వద్ద ఇంజనీర్లు ఎగువన ఆలమట్టి, నారాయణపూర్‌ల నుండి ఎంత నీరు వస్తున్నదో తెలుసుకొని గేట్లు ఎత్తుతారు. వరద ముంగిట్లోకి వచ్చేదాకా ఆగరు. రాబోయే నెలలో వరుసగా ఎన్ని మ్యాచ్‌లు ఉన్నాయో, ఎవరు అలసిపోతారో ముందే లెక్కవేసేవాడిది కూడా అదే చూపు.

ఆదాయ వ్యయాల విషయంలోనూ ఈ ఆట గట్టి పాఠమే చెబుతుంది. రాబడికి మించిన జీతాలు ఒప్పుకున్న జట్టు రెండు మూడేళ్లలో కుంగిపోతుంది. ఇది తెరమీది మాట మాత్రమే అనుకోకూడదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌.సి. జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. రెండేళ్లు తిరగకముందే ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకుంది. ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. చివరకు 2025లో ఆ జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలవడం ఒక విద్య; గెలిచిన ఇంటిని నిలబెట్టుకోవడం మరొక విద్య.

ఇన్ని నేర్పగల ఆటలో ఒక పెద్ద లోపం ఉంది. ఆడిన ఆటను ఎక్కడికక్కడ భద్రపరచుకునే సౌకర్యం ఇందులో ఉంది. మ్యాచ్ ఓడిపోగానే చాలామంది ఆటను మూసివేసి, మ్యాచ్‌కు ముందు భద్రపరచిన స్థితిని మళ్లీ తెరుస్తారు. గెలిచేదాకా అదే మ్యాచ్‌ను పదేపదే ఆడతారు. ఓటమి జరగనట్టే చెరిగిపోతుంది. కప్పులు వచ్చి పడతాయి. వాటితోపాటు ఒక అబద్ధం కూడా మనసులో స్థిరపడుతుంది. చేసిన పొరపాటును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చునన్నదే ఆ అబద్ధం. ఈ ఆటలో నిజమైన విజయం ఓటమిని చెరపకుండా దానితోనే ముందుకు సాగినవాడికే దక్కుతుందని నా అభిప్రాయం. దీనికి నిదర్శనం వెదకడానికి దూరం పోనక్కరలేదు. తెర లేని కాలంలో, చెరిపివేసే వీలులేని చోట, జట్టును నడిపి చూపినవాడు మన హైదరాబాదులోనే ఉన్నాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

1909లో హైదరాబాదులో జన్మించిన రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. పాఠశాలలో పిల్లలకు పాఠం చెప్పిన ఓర్పుతోనే ఆటగాళ్లకు ఆట నేర్పాడు. 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణనిచ్చాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆటగాడు బలహీనమైన కాలితో కూడా బంతిని కొట్టగలగాలని, ఆ కాలితోనే ఆడవలసిన పోటీలను రహీమ్ నిర్వహించాడు. బంతిని ఒక్కడే పట్టుకొని తిరిగే అలవాటు పోవడానికి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు కూడా పెట్టాడు. ఆటగాడిలో ఏ గుణం కొరవడిందో కనిపెట్టి, ఆ కొరతను పూరించే సాధనను కల్పించడం ఆయన పద్ధతి. నేటి ఆటలో అంకెలు చూసి చేసే పనిని ఆయన కళ్లతో చూసి చేశాడు.

రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ పది గోళ్లను చెరిపివేసే మీట ఎవరి దగ్గరా లేదు. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారతదేశం ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. హెల్సింకీ ఓటమిని మరచిపోయి ఉంటే మెల్‌బోర్న్ వరకు ఆ దారి సాగేది కాదు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల కథ మరింత ఉత్తేజకరమైనది. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ వ్యాధి పట్టి పీడిస్తున్నది. తొలి మ్యాచ్‌లోనే భారత జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచినా, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో దాటిన తర్వాత, సెమీఫైనల్‌లో రహీమ్ ఒక సాహసానికి పూనుకున్నాడు. కుట్లతో ఉన్న జర్నైల్‌ను రక్షణ వరుస నుండి తప్పించి ముందు వరుసలో ఫార్వర్డుగా నిలిపాడు. జర్నైల్ గోలు చేశాడు. దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో నెగ్గింది. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ఒక భారతీయ క్రీడాధికారి వ్యాఖ్యల వల్ల ఆగ్రహించిన స్థానిక ప్రేక్షకులు మైదానం నిండా మనవారికి వ్యతిరేకంగా అరుస్తున్నారు. అస్వస్థత నుండి కోలుకుంటున్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీమ్ నమ్మి బరిలోకి దింపాడు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. భారత్ 2-1తో విజయం సాధించింది. తొలి మ్యాచ్‌లో ఓడించిన జట్టునే చివరి మ్యాచ్‌లో ఓడించింది. మరుసటి సంవత్సరం జూన్ 11న రహీమ్ కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ అటుపై మళ్లీ స్వర్ణం గెలవలేదు.

ఈ కథలో గమనించవలసిన అంశాలు రెండు. మొదటి మ్యాచ్ ఓటమి రహీమ్‌కు ప్రత్యర్థి గురించిన సమాచారంగా మిగిలింది. ఆయన దానిని వాడుకున్నాడు. రెండవది, జర్నైల్‌ను ముందు వరుసలో నిలిపిన నిర్ణయం ఏ పట్టికలోని అంకెనూ చూసి తీసుకున్నది కాదు. కుట్లు పడిన తలతో ఆ మనిషి ఎంతవరకు తెగించగలడో రహీమ్‌కు తెలుసు. ఆ తెలివిడి మనుషుల మధ్య మెలగడం వల్ల వస్తుంది. అందుకే తెరమీది ఆట దానంతట అది ఎవరినీ శిక్షకుణ్ణి చేయలేదు. బాల్యంలో ఈ మేనేజరు ఆటను ఇష్టంగా ఆడిన విల్ స్టిల్ అనే యువకుడు 2022 అక్టోబరులో ఫ్రాన్సులోని రీమ్స్ జట్టుకు శిక్షకుడై, తొలి 17 లీగు మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా నడిపాడు. పత్రికలు అతని ఆటపిచ్చినే గొప్పగా రాశాయి. కాని అతడు అంతకుముందు ఇంగ్లండులో ఫుట్‌బాల్ శిక్షణకు సంబంధించిన చదువు చదివాడు. మ్యాచ్‌ల వీడియోలను విశ్లేషించే చిన్న ఉద్యోగంతో జీవితం ప్రారంభించాడు. ఒడ్డున కూర్చుని ఈత నేర్చినవాడు ఎవడూ లేడు. కాకపోతే ఒడ్డున కూర్చున్నప్పుడు నది పోకడను గమనించినవాడికి ఈత త్వరగా వస్తుంది.

ఈ ఆటను తయారుచేసేవారికి సైతం ఓటమి తప్పలేదు. తమ 2025 సంచికను అనుకున్న ప్రమాణంతో పూర్తిచేయలేకపోయామని ఒప్పుకొని, 2025 ఫిబ్రవరిలో దానిని రద్దు చేశారు. అదే సంవత్సరం నవంబరులో తరువాతి సంచికను తెచ్చారు. లోపం ఉన్నదని అంగీకరించి ఆగడం కూడా ఒక వివేకమే.

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి ఈ విషయం కేవలం ఆటకు సంబంధించినది కాదు. ప్రతి సంవత్సరం ఫలితాలు వెలువడిన రోజున, ఒక పరీక్షలో తప్పడమే బతుకు ముగింపు అనుకొని ఇంటికి తీరని శోకం మిగిల్చిన పిల్లల వార్తలు వింటున్నాం. ఓటమిని చెరిపివేయడం మాత్రమే తెలిసిన మనసు, చెరపలేని ఓటమి ఎదురైనప్పుడు తట్టుకోలేదు. తప్పిన పరీక్ష తొలి మ్యాచ్ వంటిది. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. వచ్చే సంవత్సరం ఉంది. వేరే దారులు ఉన్నాయి. ఒంటరిగా కుమిలిపోకుండా అమ్మతోనో, అన్నతోనో, అధ్యాపకుడితోనో మాట విప్పడం మొదటి వ్యూహం. రహీమ్ జట్టు కూడా ఒక్కడితో గెలవలేదు.

కాబట్టి విద్యార్థులు ఈ ఆట ఆడవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆడండి, అయితే మూడు నియమాలు పాటించండి. ఆడే కాలాన్ని గడియారంతో కొలవండి. రాత్రి నిద్రను దానికి బలిపెట్టవద్దు. ఓడిన మ్యాచ్‌ను మళ్లీ తెరవవద్దు. ఎందుకు ఓడిపోయారో ఒక పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకోండి. సాయంత్రం కాసేపు తెరను మూసి, కళాశాల మైదానంలో ఒక నిజమైన బంతి చుట్టూ పదిమందిని చేర్చండి. ఎవరిని ఎక్కడ నిలపాలో, అలిగిన మిత్రుణ్ణి ఎలా పిలవాలో అక్కడ తెలుస్తుంది. జకార్తా విజయానికి బీజం పడింది హైదరాబాదులోని అటువంటి మైదానాలలోనే.