మా ముచ్చట్లు: పడవ అడుగు

పడవకు ప్రమాదం వస్తే బయటినుంచే వస్తుందని మేమూ అనుకొనేవాళ్ళం. కిందటి ఏప్రిల్‌లో హోసపేట దగ్గర తుంగభద్ర జలాశయం ఒడ్డున ఆ భ్రమ వదిలింది. మాకు బాగా తెలిసిన ఒకాయన అక్కడ చేపలు మోయడానికి పాత ఫైబరు మోటారు పడవ ఒకటి నడుపుతున్నాడు. "రాండి సామీ, ఒక చుట్టు తిరిగొద్దాం" అని పిలిస్తే ఎక్కాము. మోటారుకు రెండడుగుల ముందు మా కాలికింద చెక్క నానిన అట్టముక్కలా అణిగింది.

"అది రెండేండ్లుగా అంతే. ఈ పక్కకు జరగండి" అన్నాడు.

మేము జరగలేదు, దిగిపోయాము. ఆయనకు కోపం వచ్చింది. వచ్చినా సరే, ఆయన కొడుకులిద్దరూ రోజూ చీకటితో ఆ పడవలోనే వలలకు పోతారు గనుక, అనవలసిన మాట అనే వచ్చాము. నాలుగోనాడు ఆయనే కబురు పెట్టాడు.

మన బళ్ళారి సీమలో పూర్వంనుంచీ పడవంటే పుట్టి, కన్నడంవారి హరిగోలు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ ఆనెగొంది రేవులో వీటిని చూసి వింతపడ్డాడు. బుట్టలా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బద్దలు, బయట తోలు అనీ, పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, తిన్నగా పోక గిరగిర తిరుగుతాయనీ రాశాడు. తోలు పోయి తారు పూసిన పట్టాలు వచ్చాయిగాని తిరగడం మాత్రం మానలేదు. అయితే పుట్టిలో ఒక నిజాయితీ ఉన్నది. బోర్లించి చూస్తే చాలు, ఏ బద్ద చివికిందో, ఎక్కడ తారు లేచిందో కంటికి కనబడుతుంది.

ఫైబరు పడవ అలా కాదు. గాజునార, రెసిన్ కలిసి గట్టిపడిన ఒళ్ళు కుళ్ళదు, నిజమే. కాని పాత పడవల్లో చాలావాటికి మనం నడిచే అడుగు ప్లైవుడ్డు. దానికింద పొడుగునా పోయే దూలాలు కొయ్యవి. వాటిమీద పలచగా ఫైబరు పొర. సీటు బిగించిన స్క్రూ రంధ్రంలోంచి దిగిన నీరు ఆ పొరలమధ్య చిక్కి ఆరదు. కొయ్య లోలోపల పిండి అవుతుంది. పైన రంగు మాత్రం పెళ్ళికొడుకులా ఉంటుంది.

సుత్తి కర్రతో తట్టుకొంటూ పోయాము. మంచిచోట ఠంగుమన్నది, చెడ్డచోట దబ్బుమన్నది. సగానికి పైగా దబ్బే. కోసి తెరిస్తే అసలు సంగతి బయటపడింది. పాత యజమాని కాలంలో ఎవరో మేస్త్రీ కుళ్ళిన చెక్కమీదనే ఇంకొక పలక పరిచి రంగు కొట్టి ఇచ్చాడు! తేలడానికని నింపిన నురుగు దిమ్మలు నీళ్ళు తాగి ఉన్నాయి. ఒక్కొక్కటి ఎత్తడానికి ఇద్దరం కావలసివచ్చింది. తేల్చవలసినదే బరువై కూర్చున్నదన్నమాట.

కోయకముందే ఒక జాగ్రత్త ఉన్నది. పడవను ఒడ్డున ఒళ్ళంతా సమంగా ఆనేటట్లు నిలబెట్టాలి. దూలాలు తీసేస్తే ఒళ్ళు వంగుతుంది; వంగినదానికి కొత్త అడుగు అతికితే ఆ వంకర ఇక పోదు. రంపం చెక్క మందానికి మించి దిగరాదు. అంచు వెంబడి రెండంగుళాల పాత చెక్క వదిలి కోస్తే, కొత్తది ఎంత ఎత్తున కూర్చోవాలో అదే చెబుతుంది. తరువాత దానినీ గీకేయాలి. ఆ గాజు దుమ్ము పాపిష్టిది. ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా దిగిన చిన్నకొడుకు రెండు రాత్రులు గోక్కుంటూ కూర్చున్నాడు.

తడి ఒంటికి రెసిన్ అంటదు. రెండు వారాలు ఎండబెట్టాము. బళ్ళారి ఎండ మనకు చేసిన మేలు అదొక్కటే, మిగతాది కీడే. కొయ్యకు ఎపాక్సీ పట్టినట్టు చవక పాలియెస్టర్ పట్టదని ఆయనతో ఒక పూట వాదించి ఎపాక్సీ తెప్పించాము. మధ్యాహ్నం చెంబెడు కలిపితే పూసేలోగా చెంబులోనే పొగలు కక్కి రాయయింది. డబ్బు మాదే వాదన గనుక మేము నోరెత్తలేదు. ఎపాక్సీలో గట్టిపరిచే ద్రవం పాళ్ళు తగ్గించరాదు. తగ్గిస్తే ఎప్పటికీ గట్టిపడదు. కనుక తెల్లవారుజామున లేచి, కొంచెం కొంచెంగా వెడల్పు పళ్ళెంలో కలుపుకొని పని చేశాము.

పాలియెస్టరే వాడేవారికి ఒక మాట. అంగట్లో రెసిన్, కోబాల్టు, కెటలిస్టు మూడూ వేరుగా ఇస్తారు. కోబాల్టును ముందుగా రెసిన్‌లో బాగా కలిపిన తరువాతనే కెటలిస్టు పోయాలి. ఆ రెంటినీ నేరుగా కలిపితే భగ్గున అంటుకొంటుంది, పేలనూ వచ్చు. పిల్లలున్న ఇంట్లో రెండు సీసాలూ ఒకచోట పెట్టవద్దు.

కొత్త దూలాలూ, మెరైన్ ప్లైవుడ్డూ అన్ని ముఖాలా, ముఖ్యంగా కోసిన అంచులకు, రెసిన్ తాగించి అమర్చాము. మూలలు పొడి కలిపిన ముద్దతో నునుపు చేసి గాజుగుడ్డ పట్టీలు పరిచాము. నీరు వెనక్కు జారడానికి దూలాల్లో రంధ్రాలు వదిలి, వాటి లోపలి అంచులకూ రెసిన్ పూశాము. సీటు స్క్రూల రంధ్రాలు పెద్దవి చేసి రెసిన్‌తో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సన్నగా తొలిచాము. చివరగా అడుగులో రెండు గుండ్రటి మూతలు పెట్టించాము. ఖర్చు దండుగ అని ఆయన గొణిగాడు.

జులైలో పైనుంచి నీరు వచ్చి జలాశయం నిండుతుండగా పడవ దింపారు. ఇంటావిడ ముక్కుకు పసుపు కుంకుమ పెట్టింది, పడవ ముక్కుకే లెండి.

"ఇప్పుడు ఎగరండి సామీ, చూద్దాం" అన్నాడు పెద్దాయన.

ఎగరలేదుగాని, మోటారుకు రెండడుగుల ముందు కాసేపు నిలుచున్నాము. పెద్దకొడుకు మూత తీసి, లోపల చేయి పెట్టి, పొడిగా ఉన్న అరచేయి మాకు చూపించాడు.