సైప్రస్‌కి మన చప్పట్లు, 1956కి మన మతిమరుపు

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో టర్కీ పాకిస్తాన్ పక్షం వహించింది. మనవాళ్లకి కోపం వచ్చింది. రావాల్సిందే. ఇస్తాంబుల్ టూర్లు రద్దు చేసుకున్నారు, టర్కీ సరుకులు కొనొద్దని మెసేజ్‌లు పెట్టారు. అక్కడితో ఆగి ఉంటే నేనీ వ్యాసం రాసే పనే ఉండేది కాదు. జూన్‌లో ప్రధాని మోదీ సైప్రస్ వెళ్లి, ఆ దేశపు మొదటి అధ్యక్షుడు మకారియోస్ పేరు మీద ఉన్న పురస్కారం అందుకోగానే, నార్త్ యార్క్ నుంచి న్యూజెర్సీ దాకా మన తెలుగు సాఫ్ట్‌వేర్ మేధావులు రాత్రికి రాత్రే సైప్రస్ నిపుణులైపోయారు. వాళ్ల తీర్మానం ఒక్కటే: "ద్వీపం మొత్తం గ్రీకులది. మెజారిటీ వాళ్లదే. టర్కులు నోరు మూసుకుని ఉండాలి, లేదా పోవాలి. ఇంకా ఈ చర్చలెందుకు?"

మిత్రులారా, ఇది నాకు ఎక్కడో విన్న మాటలా ఉంది. మీకు లేదూ?

టర్కీ ప్రభుత్వాన్ని సమర్థించడానికి నేనిది రాయడం లేదు. 1974లో ఆ సైన్యం చేసింది దురాక్రమణ. కానీ "ఎక్కువమంది ఉన్నారు కాబట్టి తక్కువమందికి ఇచ్చిన మాట చెల్లదు" అనే వాదనకి చప్పట్లు కొట్టేవాళ్లలో తెలుగువాడు, అందులోనూ తెలంగాణ బిడ్డ ఉన్నాడంటే నేను ఊరుకోలేను.

కాగితం మీద కలిపిన దేశం

1959 ఫిబ్రవరిలో జ్యూరిచ్‌లో, ఆ తర్వాత లండన్‌లో కూర్చుని సైప్రస్ తలరాత రాశారు. 1960 ఆగస్టు 16న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. జనాభాలో గ్రీకు సైప్రియట్లు దాదాపు 78 శాతం, టర్కిష్ సైప్రియట్లు దాదాపు 18 శాతం. అధ్యక్షుడు గ్రీకు, ఉపాధ్యక్షుడు టర్కు, ఇద్దరికీ వీటో. పార్లమెంటులో 35 సీట్లు వీళ్లకి, 15 సీట్లు వాళ్లకి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 70:30 నిష్పత్తి. ఐదు పెద్ద పట్టణాల్లో వేర్వేరు మునిసిపాలిటీలు. వీటన్నిటికీ గ్రీస్, టర్కీ, బ్రిటన్ అనే మూడు దేశాల గ్యారంటీ.

చదవడానికి ఎంత ముచ్చటగా ఉంది! నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఉద్యోగాల నిష్పత్తి అమలు కాలేదని ఒకరు, 18 శాతం జనానికి 30 శాతం ఉద్యోగాలేమిటని ఇంకొకరు. పన్నుల చట్టాలు ఆగిపోయాయి. మునిసిపాలిటీల గొడవ రాజ్యాంగ న్యాయస్థానానికి ఎక్కింది. దానికి ప్రిసైడింగ్ జడ్జిగా తటస్థుడు కావాలని జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ ఫోర్స్టాఫ్‌ని తెచ్చుకున్నారు. కోర్టు మాట చెల్లని పరిస్థితిలో 1963లో ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అదే ఏడాది నవంబరు 30న మకారియోస్ 13 సవరణలు ప్రతిపాదించాడు. వీటో తీసెయ్యాలి, వేర్వేరు మునిసిపాలిటీలు పోవాలి, ఉద్యోగాలు జనాభా లెక్కన ఉండాలి. డిసెంబరులో నెత్తురు పారింది. దాదాపు 25 వేలమంది టర్కిష్ సైప్రియట్లు ఊళ్లు వదిలి ఇరుకు పేటల్లోకి చేరారు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన దిగింది.

గమనించండి. ఇదంతా టర్కీ సైన్యం రావడానికి పదేళ్ల ముందు సంగతి. మన ఫార్వర్డ్ మెసేజ్‌ల చరిత్ర మాత్రం 1974 జులై 20న మొదలవుతుంది.

ఈ కథ మనకి తెలియనిదా?

1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? హైదరాబాద్ రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగానే ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపండి అంది. అంటే, ముందు అడగండి అని. అడగలేదు. దానికి బదులు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాల్లో వాటా, ప్రాంతీయ మండలి, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం వాడు. నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేడు! పెళ్లి పందిట్లోనే మాట తప్పిన సంబంధం అది.

తర్వాతిది మీకు తెలుసు. 1969 ఉద్యమం. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే అటువైపు జై ఆంధ్ర. 1973లో ఆరు సూత్రాలు. వాటి ఉల్లంఘనలు సరిచేయడానికి 1985లో 610 జీవో. ఆ జీవో ఎందుకు అమలు కాలేదో చూడ్డానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్. ఒక మాట నిలబెట్టడానికి ఇంకో మాట, దాన్ని నిలబెట్టడానికి మరో కాగితం. మనం కోడ్ రాసేవాళ్లం. తప్పు జరిగినప్పుడు ఏం జరగాలో రాయని ప్రోగ్రాం ప్రొడక్షన్‌లో ఎన్నాళ్లు నడుస్తుందో మనకొకరు చెప్పాలా?

ఆంధ్ర సోదరులు తొందరపడి కోప్పడొద్దు. మీ గాయమూ ఇదే రకం. 2014లో విభజన బిల్లు రాజ్యసభ దాటిన రోజున ప్రధాని మన్మోహన్ సింగ్ సభలోనే ప్రత్యేక హోదా హామీ ఇచ్చారు. చట్టంలో మాత్రం రాయలేదు. హోదా రాలేదు. ఆ తారీఖు కూడా ఫిబ్రవరి 20! ఒకే తారీఖున, 58 ఏళ్ల తేడాతో, రెండు ప్రాంతాలకీ కాగితం పులులే దక్కాయి. సైప్రస్ టర్కు బాధ అర్థం చేసుకోవడానికి తెలుగువాడికి డాక్టరేట్ అక్కర్లేదు.

"అయితే ఉత్తర సైప్రస్‌ని గుర్తించాలంటావా?"

అననే అనను. నా మిత్రుడొకడు ఎగతాళిగా అడిగాడు, "మీ తెలంగాణ విడిపోవచ్చు గానీ వాళ్లు విడిపోకూడదా?" అని. జవాబు సూటిగా చెబుతాను. తెలంగాణ పార్లమెంటు చట్టంతో వచ్చింది. కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న గుంటూరాయన ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఉండాలి. ఉత్తర సైప్రస్ అలా పుట్టలేదు. 1974 జులై 15న గ్రీస్ సైనిక ప్రభుత్వం మకారియోస్ మీద కుట్ర చేయించింది, ఐదు రోజులకి టర్కీ దిగింది. ఆగస్టులో రెండోసారి దాడి చేసి ద్వీపంలో మూడో వంతుకు పైగా ఆక్రమించింది. దాదాపు 1,60,000 మంది గ్రీకు సైప్రియట్లు ఇళ్లు వదిలి దక్షిణానికి పరుగెత్తారు, 40 వేలకు పైగా టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి చేరారు. అప్పుడూ, అంతకు ముందు 1963-64 ఘర్షణల్లోనూ రెండు వర్గాల్లో కలిపి దాదాపు 2,000 మంది గల్లంతయ్యారు, వాళ్ల ఎముకల కోసం నేటికీ తవ్వుతున్నారు. 1983లో ప్రకటించిన "రిపబ్లిక్"ని టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. గుర్తించకూడదు కూడా. తుపాకీతో ఊళ్లు ఖాళీ చేయించి, ఆ ఖాళీకి స్వయంనిర్ణయమని పేరు పెట్టడం మోసం.

అంటే బలవంతంగా కలపడమూ మోసమే, బలవంతంగా కోయడమూ మోసమే. మిగిలిన దారి ఒక్కటే, ఇద్దరి సమ్మతి. అందుకే ఆ చర్చలు అవసరం.

చర్చల్లో "టర్కులు" ఎప్పుడూ అడ్డమేనా?

1977లో మకారియోస్, డెంక్‌టాష్ కూర్చుని ఫెడరేషన్ అనే మాటకి ఒప్పుకున్నారు. 2004 ఏప్రిల్ 24న కోఫీ అన్నన్ ప్రణాళిక మీద రెండు వైపులా ఒకే రోజు రిఫరెండం జరిగింది. ఉత్తరాన దాదాపు 65 శాతం "అవును" అన్నారు. దక్షిణాన దాదాపు 76 శాతం "కాదు" అన్నారు. దక్షిణం వాళ్ల భయాలు ఉత్తవి కావు. టర్కీ సైన్యం ఏళ్ల తరబడి మిగులుతుంది, గ్యారంటీ పేరుతో మళ్లీ దిగే హక్కు పోదు, పోయిన ఇల్లు అందరికీ తిరిగి రాదు. కాదనే హక్కు వాళ్లకుంది. కానీ వారం తిరిగాక, మే 1న, కాదన్నవాళ్లు యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయారు. అవునన్నవాళ్లకి ఒంటరితనం తొలగిస్తామని, నేరుగా వ్యాపారం చేసుకోనిస్తామని బ్రస్సెల్స్ చెప్పిన మాట ఇప్పటికీ చట్టం కాలేదు. మళ్లీ అదే పెద్దమనుషుల ఒప్పందం!

2017 జులైలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్-మోంటానాలో అంగుళం దూరం దాకా వచ్చి చర్చలు కూలాయి, గ్యారంటీల దగ్గరా సైన్యం దగ్గరా. తర్వాత అంకారా అండతో ఉత్తరాన నాయకుడైన టాటార్ రెండు దేశాలంటూ కూర్చున్నాడు. ఆయన్ని 2025 అక్టోబరులో ఎవరు ఓడించారనుకున్నారు? ఆ టర్కిష్ సైప్రియట్లే. ఫెడరేషన్ కావాలన్న ఎర్హుర్మన్‌కి దాదాపు 63 శాతం ఓట్లు వేశారు. ఎర్డోగాన్ మీద కోపంతో మనం తిట్టేది, ఎర్డోగాన్‌కి నచ్చిన మనిషిని ఓడించిన జనాన్ని! శత్రువుని కూడా సరిగ్గా గుర్తుపట్టలేని దేశభక్తి ఏం దేశభక్తి?

మన దేశమూ ఇంత తేలిగ్గా మాట్లాడలేదు. రెండు వర్గాల, రెండు ప్రాంతాల ఫెడరేషన్ అన్నదే భారత ప్రభుత్వ విధానం. శాంతిసేనకి జ్ఞానీ, తిమ్మయ్య, ప్రేమ్‌చంద్ అనే ముగ్గురు భారత సేనానులు నాయకత్వం వహించారు. తిమ్మయ్య 1965లో ఆ ద్వీపం మీదే కన్నుమూశారు. మనం పన్ను కడుతున్న ఈ కెనడా 1964 నుంచి 1993 దాకా అక్కడ దళాలను ఉంచింది, 28 మంది సైనికులను పోగొట్టుకుంది.

నార్త్ యార్క్ నేర్పేది

ఈ మాటలు రాస్తున్న నార్త్ యార్క్ 1997 చివరి దాకా విడి నగరం. ఆరు మునిసిపాలిటీలను కలిపి ఒకే టొరంటో చేస్తామని ఒంటారియో ప్రభుత్వం అంటే, 1997 మార్చిలో జరిగిన ఓటింగ్‌లో నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. అయినా 1998 జనవరి 1న కలిపేశారు. ఇక్కడ రక్తం చిందలేదు, నిజమే. కానీ పాత టొరంటో, శివారు టొరంటో అనే తగువు సిటీ హాల్‌లో ఇంకా వినిపిస్తూనే ఉంది. క్యుబెక్ సంగతి చూడండి. 1995లో కెనడా చీలిపోకుండా మిగిలింది ఒక్క శాతం తేడాతో. 1998లో సుప్రీంకోర్టు ఏమంది? ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదు. కానీ స్పష్టమైన ప్రశ్నకి స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చించి తీరాల్సిన బాధ్యత మిగతా దేశానికి ఉంది. ఐక్యతను సమ్మతి మీద నిలబెట్టడం అంటే ఇదీ.

ఇప్పుడు అసలు మాట. పరాయి దేశంలో కూర్చున్నవాడికి మొండితనం చాలా చవక. వాడికి ముళ్లకంచె అడ్డం రాదు, వాడి పొలం ఇవతలా వాడి వెతుకులాట అవతలా ఉండదు. ఎన్నారై ఆవేశానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఊళ్లో ఉన్నవాడే కడతాడు. తెలుగువాళ్ల విషయంలో ఇది కళ్లారా చూశాం. హైదరాబాద్ పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరింది, తొమ్మిదో, పదో షెడ్యూలు సంస్థల లెక్క అప్పటికీ తేలలేదు. మరుసటి నెలలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని మాట్లాడుకుంటే, ఇక్కడ మన గ్రూపుల్లో "లొంగిపోయాడు" అన్నవాళ్లే ఎక్కువ!

కాబట్టి సైప్రస్ గురించి మాట్లాడదలిస్తే ఈ నాలుగు అడగండి. ఒకటి, ఏ పరిష్కారమైనా రెండు వైపులా విడివిడిగా ఓటుకి వెళ్తుందా? రెండు, తక్కువమందికి ఇచ్చిన వాటా తప్పితే ఆపే కోర్టుకి పళ్లున్నాయా? మూడు, ఏ బయటి దేశానికైనా ఏకపక్షంగా సైన్యం దించే హక్కు మిగులుతుందా? నాలుగు, ఇళ్లు పోయినవాళ్లకి తిరిగి వెళ్లడమో పరిహారమో తారీఖుతో సహా రాశారా? వీటికి జవాబు లేని ఐక్యత 1956. వీటికి జవాబు లేని విభజన 1974.

ఇవి అడిగే ఓపిక లేకపోతే దయచేసి ఆ ఫార్వర్డ్ బటన్ మీద నుంచి వేలు తీయండి. మాట తప్పినవాళ్ల చేతిలో 58 ఏళ్లు పడ్డవాళ్లం, ఇంకొకరి విషయంలో మాట తప్పేవాడి పక్కన నిలబడితే మన ఉద్యమానికే అర్థం లేదు.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, నార్త్ యార్క్, ఒంటారియో